కోళ్లవ్వ ఉత్తరాలు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతోంది, నీళ్లు దిగుతున్నాయి, అది మాత్రం లోపలికి దిగదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీతో చెప్పుకునే ధైర్యం వచ్చింది.

ఆ మాట ఇది. నాకు కనబడిన అక్షరాలను కనబడలేదని చెప్పాను. వాటిని చదివిన మనిషిని అబద్ధాలకోరును చేశాను.

ఇంతేనా అనుకుంటున్నారా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు కదా, ఎవరి ఇల్లూ కూలలేదు కదా అని. కానీ అలా సర్దిచెప్పుకోవలసి రావడంలోనే ఉంది అసలు సంగతి. తప్పు చేయనివాళ్లు సర్దిచెప్పుకోరు.

శంషాబాద్‌లో, విమానాశ్రయం వైపు వెళ్లే రోడ్డు మీద, కింద గోదాము, పైన రెండు అంతస్తుల ఆఫీసు. అక్కడ మా పని పాత కాగితాల్ని టైపు చేయడం. విదేశాల్లోని గ్రంథాలయాలు తమ దగ్గరున్న చేతిరాత ఉత్తరాలను ఫొటోలు తీసి పంపేవి. మేం వాటిని చూసి అక్షరం అక్షరం కొట్టి తిరిగి పంపేవాళ్లం. నెత్తి మీది నుంచి విమానం వెళ్తే కిటికీ అద్దాలు గలగలమనేవి. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఉలిక్కిపడేవాళ్లు. తరువాత ఎవరూ తలెత్తి చూసేవాళ్లం కాదు.

నేను అత్తాపూర్ నుంచి ఆఫీసు బస్సులో వచ్చేదాన్ని. మాది కోస్తా. ఎమ్మే ఇంగ్లీషు. ఆ ఎమ్మేని నేను మెడలో గొలుసులా వేసుకుని తిరిగేదాన్నని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆ ఏడు మాకు వచ్చినవి ఒక ప్రకృతి శాస్త్రవేత్త ఉత్తరాలు. విక్టోరియా రాణి కాలం మనిషి. పాఠాల్లో పేరు వినిపించేంత పెద్దవాడు కాదు. ఇంగ్లండులో ఏదో చిన్న ఊరు, ఒక ఇల్లు, వెనక పెరడు. కడుపునొప్పి మనిషి, ప్రయాణాలు పడవు. ఇల్లు కదలకుండానే ప్రపంచాన్ని తెలుసుకోవాలనుకున్నాడు. ఎలా? ఉత్తరాలు రాసి. రోజూ రాసేవాడు. ఓడల మీద పనిచేసే వైద్యుడికి రాస్తాడు, సముద్రపు నీటిలో నానిన గింజ మొలుస్తుందో లేదో చూసి చెప్పమని. తోటమాలికి రాస్తాడు, తేనెటీగ ముందు ఏ పువ్వు మీద వాలిందో చెప్పమని. పోస్టు బంట్రోతుకు రాస్తాడు, మీరు నడిచే దారిలో గోడ మీద నత్తలు వాన తరువాత ఎటు పాకుతాయని. ఆ బంట్రోతు జవాబు రాస్తాడు! మూడు పేజీలు! బొమ్మ కూడా గీస్తాడు!

మొదట్లో నవ్వుకున్నాను. పనీపాటా లేని దొర అనుకున్నాను. ఒకరోజు ఒక ఉత్తరం కొడుతూ ఆగిపోయాను. అందులో ఏమీ లేదు. మీరు పంపిన పెట్టె చేరింది, నత్తలు ఇరవై బతికే ఉన్నాయి, మూడు చనిపోయాయి, నా భార్య దగ్గు తగ్గలేదు, ఇక్కడ వాన. అంతే. అయినా నాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడి మనిషి, ఎప్పటి వాన! ఆ వాన తడి ఆరిపోయి ఎన్ని తరాలైందో. ఆ దగ్గు గురించి ఇప్పుడు శంషాబాద్‌లో గోదాము మీద కూర్చుని నేను కంగారు పడుతున్నాను. తరువాతి ఉత్తరంలో దగ్గు తగ్గిందని చదివి హమ్మయ్య అనుకున్నాను. నిజంగా పైకే అన్నాను. పక్క సీట్లో మంజుల తలెత్తి, "తగ్గిందా అక్కా?" అంది. ఆమె కూడా అదే ఉత్తరం కొడుతోంది మరి.

మంజుల గురించి చెప్పాలి. పేరు మార్చి రాస్తున్నాను. ఆమె పేరు ఒకసారి తుడిచేసినదాన్ని మళ్లీ తుడుస్తున్నానా అని చెయ్యి ఆగుతోంది. కానీ అడక్కుండా ఆమె పేరు బయట పెట్టే హక్కు కూడా నాకు లేదు.

శంషాబాద్ అవతలి కందుకూరు దగ్గర పల్లె ఆమెది. రైతుల ఇల్లు. పత్తి, కాస్త వరి, పెరట్లో కోళ్లు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటి మనిషి ఆమె. రెండు బస్సులు మారి వచ్చేది. తెలుగు మీడియంలో డిగ్రీ. ఇంగ్లీషు మాట్లాడమంటే తడబడేది. చూపు మాత్రం చురుకు. వంకర రాతలో ఏది ఏ అక్షరమో నాకంటే ముందే చెప్పేసేది. అర్థం తెలియకపోయినా అక్షరం తప్పేది కాదు. అది నాకు కొంచెం కంటగింపుగానే ఉండేది. పైకి మాత్రం "పర్లేదే, బాగా కొడుతున్నావు" అనేదాన్ని.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఒకే ఉత్తరాన్ని ఇద్దరు విడివిడిగా కొట్టాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. కంప్యూటరు రెండూ పోల్చి చూస్తుంది. ఇద్దరిదీ కలిస్తే అదే నిజమని ఉత్తరం పైకి, గ్రంథాలయం రికార్డులోకి ఎక్కుతుంది. కలవకపోతే ఎర్రగా వెలుగుతుంది. అసలు అర్థం కాని రాతైతే "చదవలేము" అనే మీట నొక్కవచ్చు. ఇంకొక నియమం అన్నిటికంటే గట్టిది: ఊహించి కొట్టకూడదు. కనబడనిదాన్ని కనబడినట్టు కొట్టారని తేలితే ఆ రోజే బ్యాగు సర్దుకోవాలి.

మంజులా నేనూ ఒక జత.

ఆ ఉత్తరాల్లో ఒక కట్ట వచ్చింది. నలభై ఒక్క ఉత్తరాలు, ఒకే చెయ్యి. తపాలా ఖర్చు తగ్గించుకోవడానికి ఆ కాలంలో ఒక ఉపాయం చేసేవాళ్లు. కాగితం నిండా అడ్డంగా రాసి, అది నిండాక కాగితాన్ని తిప్పి, ఆ రాత మీదే మళ్లీ నిలువుగా రాసేవాళ్లు. చూస్తే ఇనుప జాలీలా ఉంటుంది. మా ఆఫీసులో వాటికి జాలీ ఉత్తరాలని పేరు పెట్టాం. ఎప్పుడో ఒకటి వస్తే అందరం మూలిగేవాళ్లం. ఇవి నలభై ఒక్కటీ జాలీలే. నాలాంటివాళ్లకు ఒక్కో దానికి సగం రోజు పడుతుంది. సరిచూసేవాళ్ల పోస్టు ఒకటి అప్పుడే ఖాళీ అయింది. ఎవరి పేజీలు ఎక్కువ, ఎవరి ఎర్రలు తక్కువ అన్నది పైవాళ్లు చూస్తున్నారు. ఆ కుర్చీ నాకు కావాలి.

నేను నలభై ఒక్కదానికీ "చదవలేము" నొక్కాను. తెరిచీ తెరవకుండానే, ఒక్క పూటలో అయిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అందులో ఏముందని, సిరా అలికిన కాగితాలు అనుకున్నాను. మంజుల కూడా అదే నొక్కుతుందని నా ధీమా. ఎవరైనా అదే చేస్తారు.

మంజుల చదవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర నాతో చెప్పేది. ఆ ఉత్తరాలు రాసినామె కోళ్లు పెంచే పేదామె అట. పెద్దగా చదువుకోలేదట. ఆమెకు మంజుల కోళ్లవ్వ అని పేరు పెట్టింది. "కోళ్లవ్వ ఇయ్యాల ఏం చేసిందో ఎర్కేనా అక్కా?" అని మొదలుపెట్టేది. నేను తింటూ వినీ విననట్టు ఊకొట్టేదాన్ని. ఒకరోజు చెప్పింది, కోళ్లవ్వ పొదుగుకు పెట్టిన గుడ్లన్నిటి మీదా ఒక పక్కన సిరాతో గుర్తు పెట్టిందట. పొద్దునా సాయంత్రం చూసేదట, గుర్తు పైకుందా కిందికుందా అని. కోడి రోజంతా గుడ్లను తిప్పుతూనే ఉంటుందని ఆమె కనిపెట్టింది.

"మా అవ్వ గూడ గంతే అక్కా. బొగ్గుతోని గీత గీస్తది. కొత్త గుడ్లు కలిస్తె తెలువాలె గద. కోడి తిప్పుతదని మా అవ్వకు ఎర్కనే. గీ దొరసాని గూడ గీత గీసిందంటె నాకు మస్తు నవ్వొచ్చింది."

నవ్వుతూనే చెప్పింది. ఆ మాట నేను గుర్తు పెట్టుకున్నాను. ఎందుకు గుర్తు పెట్టుకున్నానో అప్పుడు నాకు తెలియదు. తెలియదా? ఏమో. మనసులో ఏ మూల ఏ కత్తి దాచుకుంటామో మనకే సరిగ్గా తెలియదేమో.

మూడో రోజు నన్ను తన సీటు దగ్గరికి పిలిచింది. అలా చూడటం నియమానికి విరుద్ధం. అయినా వెళ్లాను. అసలు ఎలా చదువుతోందో చూడాలని.

"జర ఇటు రా అక్కా. గిట్ల ముంగటికెల్లి చూడకు. గట్ల చూస్తె ఎవ్వలకు గూడ కనవడదు." తెరకు ఒక పక్కగా నిలబడి, చెంప దాదాపు తెరకు ఆనించి చూపించింది. "పత్తి చేన్ల సాళ్లు అటు ఉంటయి, ఇటు ఉంటయి గద. నడిమిట్ల నిలవడితె అంత గజిబిజి. గట్టు మీద నిలవడి ఒక్క సాలు పట్టుకొని చూడు. అడ్డం సాళ్లు కండ్లకు ఆనయి. గిది గూడ గంతే."

నేను వంగి, ఆమె చెప్పిన పక్క నుంచి చూశాను.

దేవుడా. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఆశ్చర్యం ఆగదు. ఆ జాలీ విడిపోయింది. నిలువు గీతలన్నీ ఎటో వెనక్కి జరిగిపోయాయి. ఒక్క వరుస, ఒకే ఒక్క వరుస తెర పొడుగునా తేలి వచ్చింది. "ఈ రోజు పదకొండు గుర్తులు కిందికి ఉన్నాయి" అని ఉంది. అంత స్పష్టంగా ఉంది. ఎక్కడో ఎప్పుడో ఒక వంటింటి మూల, ఒక ముసలి చెయ్యి, గంపలో కోడి కింద చెయ్యి పెట్టి గుడ్లను ఒక్కొక్కటిగా చూస్తున్నట్టు నాకు కనబడింది.

నేను అప్పుడే నా సీటుకు వెళ్లి, నొక్కిన నలభై ఒక్క మీటలు వెనక్కి తీసుకోవచ్చు. పై ఆఫీసులో ఒక మాట చెప్తే మళ్లీ తెరుస్తారు. నాకు ఎర్రలు పడతాయి, కుర్చీ పోతుంది, అంతే. అంతకంటే ఏం పోతుంది?

"నాకేం కనబడటం లేదు మంజులా. కళ్లు పాడు చేసుకోకు," అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది.

ఎనిమిది రోజుల్లో నలభై ఒక్క ఉత్తరాలూ కొట్టేసింది. కంప్యూటరు నలభై ఒక్క ఎర్రలు చూపించింది. ఆమె చదివిందంటుంది, నేను చదవలేమంటాను. మా పైఅధికారి ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్న మనిషి. తెర మీద ఆ జాలీ పెట్టి ఎదురుగా కూర్చుని చూశాడు. ఎదురుగా చూస్తే ఏముంటుంది?

"ఇందులో ఏం రాసుందమ్మా?" అని మంజులను అడిగాడు.

ఆమె గుడ్ల మీద గుర్తులు పెట్టిన సంగతి చెప్పింది. పక్క నుంచి చూడాలి సార్ అంది. పత్తి చేను అంది. భయంతో మాట తడబడింది. ఆయన నావైపు తిరిగాడు. నేను ఎమ్మే ఇంగ్లీషు కదా.

నేనన్నది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "సార్, గుడ్ల మీద గీతలు గీసేది వాళ్ల నాయనమ్మ. మొన్న భోజనం దగ్గర నాతో తనే చెప్పింది. ఇంట్లో చూసినదాన్ని ఇక్కడ కొట్టినట్టుంది. పత్తి చేనులా చూసి ఇంగ్లీషు చదువుతుందట, మీరే చూడండి." చివర్లో కొంచెం నవ్వాను కూడా.

ఆ నవ్వు ఒకటి ఉంది చూశారా, మిగతాదంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఆమెకు ఆ ఉత్తరం అర్థమైంది వాళ్ల అవ్వ వల్లే. లోకంలో ఇంకెవరికీ అంత త్వరగా అర్థమై ఉండదు. ఆ అవ్వనే నేను సాక్ష్యంగా నిలబెట్టాను, ఆమె అబద్ధమాడిందని. నన్ను నమ్మి, అన్నం తింటూ, నవ్వుతూ చెప్పిన మాటను.

"నిజమేనామ్మా? మీ నాయనమ్మ గీస్తుందా?" అని ఆయన అడిగాడు.

"గీస్తది సార్," అంది మంజుల. ఏమని అంటుంది? అది నిజమే కదా.

ఊహించి కొట్టిందని తేల్చారు. ఆమె కొట్టినవన్నీ తుడిచేశారు. నలభై ఒక్క ఉత్తరాలకూ "చదవలేము" అనే ముద్ర పడి మూతపడ్డాయి. సాయంత్రం మెట్ల దగ్గర ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఎదురైంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకు కనవడ్డది అక్కా," అంది. "గా దినం నీ కండ్లు ఆ వరుస మీద ఆగినయి. నేను చూసిన."

దిగి వెళ్లిపోయింది. పై నుంచి విమానం ఒకటి పోతోంది. ఆ చప్పుడులో నా జవాబు వినబడలేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను. నిజానికి నేను జవాబే చెప్పలేదు.

నాకు ఆ కుర్చీ వచ్చింది.

కొన్ని నెలలకు అదే శాస్త్రవేత్త రాసిన జవాబుల పెట్టె వచ్చింది. ఆయన పోయాక ఇంటివాళ్లు ఎవరెవరినో అడిగి ఆయన ఉత్తరాలు వెనక్కి తెచ్చుకున్నారట. అందులో కోళ్లవ్వకు రాసినవీ ఉన్నాయి. సరిచూడటం ఇప్పుడు నా పని. తప్పించుకునే దారి లేదు.

ఆయన చేతిరాత గుండ్రంగా, తేటగా ఉంటుంది. కోడి గుడ్లను కావాలని తిప్పుతుందని ఆమె రాసినప్పుడు ఆయన మొదట నమ్మలేదు. లేచి కూర్చునేటప్పుడు కాళ్లు తగిలి దొర్లుతాయేమో అనుకున్నాడు. కానీ కాదని ఎక్కడా అనలేదు. ఏం చేశాడో తెలుసా? వంటామె దగ్గర ఒక పొదుగు కోడిని అడిగి తెచ్చుకుని, గుడ్ల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ, రోజుకు నాలుగుసార్లు పెరట్లోకి వెళ్లి చూశాడు. ఇరవై ఒక్క రోజులు. ఆ తరువాత ఆమెకు రాశాడు, మీరు చెప్పిందే సరి, నేను అనుకున్నది తప్పు అని. ఆ ఊరి చదువుకున్న పెద్దలు ఆమెను వెక్కిరించారని ఆమె రాసినట్టుంది. వాళ్లు ఎప్పుడైనా కోడి కింద చెయ్యి పెట్టి చూశారా అని అడిగాడు.

ఆ ఉత్తరం మీద నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పేరున్న మనిషి, ఇంటి నిండా పుస్తకాలున్న మనిషి, ఒక కోళ్ల ముసలమ్మ మాటను పట్టుకుని ఇరవై ఒక్క రోజులు కోడి చుట్టూ తిరిగాడు! ఇంత పెద్ద మనసు ఎలా వస్తుంది మనిషికి? నా పక్క సీట్లో మనిషి, పక్కకు వంగి చూడమంది. అంతే అడిగింది. వంగి చూసి కూడా లేదన్నాను.

చివరి ఉత్తరంలో ఆయన ఆమెను ఒకటి అడిగాడు. నా పుస్తకంలో ఈ సంగతి రాస్తున్నాను, కనిపెట్టింది మీరు కాబట్టి మీ పేరు వేయాలి, వేయమంటారా అని. ఆమె ఏమందో నాకు తెలియలేదు. ఆ జవాబు నేను మూసిన కట్టలో ఉంది. మా ఆఫీసులో ఒకసారి ముద్ర పడి మూసినవి మాకు తెరుచుకోవు.

తరువాత ఆ ఆఫీసు మానేశాను. వేరే చోట చేరాను. ఉత్తరాలన్నీ గ్రంథాలయం వాళ్లు అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టారని తెలిసింది. నేను తెరవలేదు. ఎందుకు తెరుస్తాను?

పోయిన ఏడు శంషాబాద్‌లో పని పడి వెళ్లాను. బస్టాండుకు కొంచెం అవతల నాటుకోళ్ల దుకాణం. గుడ్లు తీసుకుందామని ఆగాను. లోపలి నుంచి వచ్చింది మంజుల. కాస్త ఒళ్లు చేసింది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. తిడుతుందా, మొహం తిప్పుకుంటుందా అని చూస్తున్నాను. ట్రేలోంచి మంచివి ఏరి ఇచ్చింది. గంపలో విడిగా ఉన్న గుడ్ల మీద బొగ్గు గీతలున్నాయి. నేను అవి చూడటం ఆమె చూసింది.

"అవి అమ్మను. పొదుగుకు పెట్టేవి," అంది. గుడ్లు సంచిలో వేస్తూ, "అక్కా, కోళ్లవ్వ ఉత్తరాలు ఎక్కినయా?" అని అడిగింది.

తన ఉద్యోగం గురించి కాదు. నేను చెప్పిన అబద్ధం గురించి కాదు. ఇన్నేళ్ల తరువాత ఆమె అడిగింది ఆ ముసలమ్మ గురించి. ఎవరో ఒకరు మళ్లీ చదివి ఉంటారని ఆమె అనుకుంటూ వచ్చింది.

"ఎక్కాయి," అన్నాను.

ఆమె మొహం ఎంత వెలిగిందో నేను చెప్పలేను. "మంచిగైంది తియ్యి. పాపం, ఎంత కష్టపడి రాసిందో," అంది. రెండు గుడ్లు ఎక్కువే వేసింది.

ఆ గుడ్లు నేను తినలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని అత్తాపూర్ దాకా వచ్చి, పక్కింటావిడకు ఇచ్చేశాను. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి. అది కూడా ఎవరి ముందు!

ఆ ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం పేజీ తెరిచాను. నలభై ఒక్క ఉత్తరాలు. ఒక్కొక్క దాని కింద అదే మాట, చదవలేము. ఫోనును కంటి ఎత్తులో పలకలా పడుకోబెట్టి, ఒక్క వరుస పట్టుకుని చూశాను. గట్టు మీద నిలబడ్డట్టు. మొదట కళ్లు నీళ్లు కారాయి. తరువాత సాలు విడివడింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే పని. మంజులకు ఎనిమిది రోజులు పట్టింది, నాకు ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఏముందో ఎలా చెప్పను! వానకు తడిసిన కోడిపిల్లను గుండెల దగ్గర పెట్టుకుని బతికించిన సంగతి ఉంది. కోడి పిల్లలు ఇంకా గుడ్డులో ఉండగానే తల్లి కూతకు లోపల నుంచి జవాబిస్తాయని ఉంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను అని రాసింది. దొరగారూ, ఇలాంటి చిన్న సంగతులు రాసి మీ సమయం పాడు చేస్తున్నానేమో అని ప్రతి ఉత్తరంలోనూ ఉంది.

నలభై ఒకటో ఉత్తరం ఆఖరున చదివాను. పేరు వేయమంటారా అన్నదానికి జవాబు. వేయండి అంది. చర్చిలో నామకరణం అప్పుడొకసారి, పెళ్లప్పుడొకసారి తప్ప నా పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు, తప్పు లేకుండా పడాలి కాబట్టి కింద విడిగా రాస్తున్నాను అంది. కాగితం కింద నాలుగు వేళ్ల జాగా వదిలింది. నిలువు గీత ఒక్కటి కూడా దాని మీదికి రానివ్వలేదు. తపాలాకు అంత పొదుపు చేసే మనిషి! అక్కడ తన పూర్తి పేరు, పెద్ద పెద్ద అక్షరాలతో, బడి పిల్లలా కుదురుగా రాసింది. ఏ కంటికైనా కనబడుతుంది. ఎదురుగా నిలబడి చూసినా కనబడుతుంది.

దాని మీద కూడా నేను "చదవలేము" నొక్కాను.

ఆ పేరు ఇక్కడ రాయాలని ఉంది. రాస్తే ఏ గ్రంథాలయమో, ఏ ఆఫీసో, నేనెవరో తెలిసిపోతుంది. చూశారా, ఇప్పటికీ లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మారిపోయానని మీకు చెప్పబోవడం లేదు.

నేను చదివినదంతా గ్రంథాలయానికి పంపాను. జవాబు వచ్చింది. సంతోషమే కానీ, ఒక్కరు చదివితే చాలదన్నారు. ఇంకొకరు విడిగా చదవాలి, రెండూ కలవాలి. ఆ రెండో మనిషి దొరికేదాకా అది చదవలేని ఉత్తరమే. అదే పాత పద్ధతి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లు ఎవరినైనా వెతికి పెట్టవచ్చు, ఎన్నేళ్లకో. కోళ్లవ్వ రాత వెంట మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిచిన రెండో మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆమె బస్టాండు అవతల గుడ్లు అమ్ముతోంది. అవి ఎప్పుడో ఎక్కాయనుకుని సంతోషంగా ఉంది.

ఆమెను అడగాలంటే ముందు ఆ సంతోషం తీసేయాలి. నా చేత్తోనే తీసేయాలి. ఆమె క్షమించాలని నేను అనుకోవడం లేదు. నవ్వినదానికి క్షమాపణ ఎలా అడుగుతారో నాకు తెలియదు. ఆమె చదవనంటే చదవదు, అది ఆమె ఇష్టం. మీరు కూడా నన్ను మంచిదాన్నని అనవద్దు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట గొంతులోంచి ఈ కాగితం మీదికి దిగింది. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

నలభై ఒకటో ఉత్తరాన్ని ప్రింటు తీయించాను. మడత పెట్టకుండా అట్ట మీద పెట్టి సంచిలో ఉంచాను. రేపు ఆదివారం. పొద్దున్న శంషాబాద్ బస్సు ఎక్కుతాను. దుకాణం ముందు నిలబడి ఏం చెప్పాలో చాలా రకాలుగా అనుకుని చూశాను. పొడుగు మాటలన్నీ కొట్టేశాను. రెండే మిగిలాయి.

ఎక్కలేదు మంజులా. ఆ రోజు నాకు కనబడింది.